గవ్వలు, పలక, పదహారు గళ్ళు: ఇంటిల్లిపాదీ కలిసి ఆడే కంప్యూటర్ ఆట

పిల్లలకు కోడింగ్ నేర్పే ఆటలు ఇప్పుడు చాలానే దొరుకుతున్నాయి. 2013లో అమెరికాలో వచ్చిన రోబో టర్టిల్స్ అనే బోర్డు ఆటకు మంచి పేరుంది. పిల్లలు కార్డులు పేర్చి తాబేలును నడిపిస్తారు. అయితే ఇలాంటి ఆటలు కంప్యూటర్‌కు పని ఎలా చెప్పాలో నేర్పుతాయి. చెప్పిన పనిని అది లోపల ఎలా చేస్తుందో చూపించవు. నాకు రెండోదే ముఖ్యం. ఎందుకంటే ఫోన్లో ఏదో తెలివైన మనిషి కూర్చుని ఆలోచిస్తున్నట్టు పిల్లలు ఊహించుకుంటున్నారు, పెద్దలమూ అలాగే మాట్లాడుతున్నాం. నిజానికి లోపల ఎవరికీ ఏమీ తెలియదు. ఒక్కో భాగం ఒక్కో చిన్న పని చేస్తుంది, అంతే. ఈ మాట చెప్తే పిల్లలు వింటారు, మర్చిపోతారు. ఆ భాగం తామే అయి కూర్చుంటే మాత్రం మర్చిపోరు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1965లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో స్టువర్ట్ మ్యాడ్నిక్ 'లిటిల్ మ్యాన్ కంప్యూటర్' అనే నమూనా తయారుచేశారు. ఒక గదిలో ఓ బుల్లి మనిషి, ఎదురుగా నంబర్లు వేసిన 100 పెట్టెలు, పక్కన ఒక లెక్కల యంత్రం. 1968లో బెల్ ల్యాబ్స్ అనే అమెరికా పరిశోధన సంస్థ 'కార్డియాక్' అనే అట్ట కంప్యూటర్‌ను స్కూళ్ళకు అందించింది. దానిలో 100 గళ్ళు, 10 ఆదేశాలు ఉండేవి. ఇప్పుడు ఏ గడి దగ్గర ఉన్నామో గుర్తుకు ఒక కాగితపు పురుగు బొమ్మను జరిపేవారు. ఈ రెండింటిలోనూ ఒక్క మనిషే అన్ని పనులూ చెయ్యాలి. ఇక్కడ నేను చెప్పే ఆటలో ఆ పనులను ఇంట్లోవాళ్ళకు పంచుతాం. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

సిద్ధం చేసుకోవడం

ఒక చార్టు పేపరు, పెన్సిలు, రబ్బరు, స్కెచ్ పెన్ను, ఒక పలక, బలపం, రెండు గిన్నెలు, ఒక పాత కవరు, అరచేతిలో పట్టేంత చీటీలు ఓ ముప్పై, ఒక క్యారమ్ కాయ. ఎనిమిది గవ్వలు కూడా కావాలి కానీ మొదటి రోజు వాటితో పని లేదు.

చార్టు మీద నాలుగు అడ్డం, నాలుగు నిలువు వచ్చేలా పదహారు గళ్ళు గీయండి. ఒక్కో గడిలో ఒక చీటీ పట్టాలి. గడి మూలలో స్కెచ్ పెన్నుతో నంబరు వెయ్యండి. 0 నుంచి మొదలుపెట్టి 15 దాకా వెయ్యాలి. 1 నుంచి ఎందుకు కాదో గవ్వలు వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఎవరు ఏమిటి

నలుగురుంటే ఆట చక్కగా సాగుతుంది.

మెమరీ: చార్టు ముందు కూర్చుంటారు. "13లో ఏముంది?" అని అడిగితే ఆ చీటీ చదివి చెప్పాలి. "13లో 7 పెట్టు" అంటే పాతది చెరిపి 7 రాయాలి. ఇంతకు మించి ఒక్క మాట మాట్లాడకూడదు.

పలక: పలక మీద ఎప్పుడూ ఒకే ఒక్క సంఖ్య ఉంటుంది. కలపడం, తగ్గించడం ఇక్కడే జరుగుతాయి. కొత్త సంఖ్య వస్తే పాతది చెరిగిపోతుంది. అసలు కంప్యూటర్లో ఈ చోటును అక్యుములేటర్ అంటారు.

గుమ్మం: బయటి నుంచి లోపలికి, లోపలి నుంచి బయటికి వెళ్ళేవన్నీ ఇక్కడి నుంచే. లోపలికి ఇవ్వాల్సిన సంఖ్యల చీటీలు ఒక గిన్నెలో, బయటికి వచ్చిన జవాబులు ఇంకో గిన్నెలో వేసుకోవాలి.

కంట్రోలర్: కాయ వీళ్ళ చేతిలో ఉంటుంది. కాయ ఉన్న గడిలోని ఆదేశం అడిగి తెలుసుకుని, ఎవరు ఏం చెయ్యాలో చెప్తారు. సొంతంగా లెక్కలు చెయ్యరు.

ముగ్గురే ఉంటే గుమ్మం పని మెమరీ చూసుకోవచ్చు. ఐదో మనిషి ఉంటే ఆ మనిషే క్లాక్. అమ్మమ్మకో తాతయ్యకో ఈ పని ఇవ్వండి. వాళ్ళు చప్పట్లు కొడితేనే ఆట కదులుతుంది. మొదటి చప్పట్లకు కంట్రోలర్ చీటీ చదివించుకుంటారు, వెంటనే కాయను ఒక గడి ముందుకు జరుపుతారు. రెండో చప్పట్లకు చీటీలో ఉన్న పని ఎవరిదో చూసి వాళ్ళకు చెప్తారు. మూడో చప్పట్లకు ఆ పని జరుగుతుంది. ఆదేశాలను నడిపే ప్రతి ప్రాసెసర్‌లోనూ జరిగేది ఈ మూడడుగుల నాట్యమే: తెచ్చుకోవడం, అర్థం చేసుకోవడం, చెయ్యడం. 2 గిగాహెర్ట్జ్ ఫోన్‌లో ఈ క్లాక్ సెకనుకు 200 కోట్ల సార్లు కొట్టుకుంటుంది.

పని జరగకముందే కాయను ముందుకు జరపమన్నాను, గమనించండి. ఈ వరుస తప్పితే తర్వాత వచ్చే 'వెళ్ళు' ఆదేశం దగ్గర గందరగోళమవుతుంది. ముందే జరిపేస్తే 'వెళ్ళు' వచ్చినప్పుడు కాయను తీసి చెప్పిన గడిలో పెడితే సరిపోతుంది, మళ్ళీ జరపక్కర్లేదు. కార్డియాక్‌లోనూ పురుగును ఇలాగే ముందు జరిపేవారు.

తొమ్మిది ఆదేశాలు

ఇవి ఒక కాగితం మీద పెద్దగా రాసి గోడకు అంటించండి.

0 – ఆగు: ఆట అయిపోయింది.
1 – తీసుకో: చెప్పిన గడిలోని సంఖ్యను పలక మీద రాయి.
2 – పెట్టు: పలక మీది సంఖ్యను చెప్పిన గడిలో రాయి.
3 – కలుపు: గడిలోని సంఖ్యను పలక మీది సంఖ్యకు కలుపు.
4 – తగ్గించు: గడిలోని సంఖ్యను పలక మీది సంఖ్యలోంచి తీసెయ్.
5 – అడుగు: గుమ్మం దగ్గర ఒక సంఖ్య తీసుకుని పలక మీద రాయి.
6 – చెప్పు: పలక మీది సంఖ్యను గుమ్మానికి ఇవ్వు.
7 – వెళ్ళు: కాయను చెప్పిన గడిలో పెట్టు.
8 – సున్నా అయితే వెళ్ళు: పలక మీద సున్నా ఉంటేనే కాయను ఆ గడిలో పెట్టు, లేకపోతే ఏమీ చెయ్యకు.

పిల్లలు తడబడేది 'తీసుకో' దగ్గర. చీటీని గడిలోంచి ఎత్తి పలక వాళ్ళకు ఇచ్చేస్తారు. అలా కాదు, గడిలోది గడిలోనే ఉండాలి, పలక మీదికి నకలు వెళ్తుంది. 'పెట్టు' కూడా అంతే, పలక మీది సంఖ్య చెరగదు. ఫోన్లో ఒక ఫోటో అమ్మమ్మకు పంపితే మన దగ్గర పోదెందుకో ఇక్కడే అర్థమైపోతుంది.

మొదటి ఆట: రెండు సంఖ్యల కూడిక

ప్రోగ్రాం అంటే ఆదేశాల వరుస. దాన్ని చీటీల మీద రాసి గళ్ళలో పెట్టండి. అది దేనికో పిల్లలకు చెప్పకండి.

0: అడుగు
1: పెట్టు 15
2: అడుగు
3: కలుపు 15
4: చెప్పు
5: ఆగు

గుమ్మం గిన్నెలో 5, 3 అని రెండు చీటీలు వెయ్యండి. కాయను 0లో పెట్టి చప్పట్లు మొదలుపెట్టండి. పలక మీద 5 వస్తుంది. అది 15వ గడిలోకి వెళ్తుంది. తర్వాత పలక మీద 5 చెరిగి 3 వస్తుంది. 15లోని 5 కలిస్తే 8. గుమ్మం 8 అందుకుంటుంది. కాయ 5కి చేరగానే ఆట ఆగుతుంది.

అయ్యాక అందరినీ ఒకే ప్రశ్న అడగండి: "మనం ఇప్పుడు చేసిన పనేమిటి?" పలక పట్టుకున్న పాప కూడిక చేశానంటుంది కానీ ఆ అంకెలు ఎక్కడివో చెప్పలేదు. మెమరీకి 15లో ఏదో రాసినట్టు మాత్రమే తెలుసు. జవాబు గుమ్మం చేతిలో ఉన్నా అది ఎలా వచ్చిందో గుమ్మానికి తెలియదు. మొత్తం కథ ప్రోగ్రాం రాసినవారి తలలో తప్ప ఎక్కడా లేదు. ఈ ప్రశ్న కోసమే ఈ ఆట. దీనికి తొందరపడి మీరే జవాబు చెప్పెయ్యకండి.

ఇంకో నియమం గట్టిగా పాటించాలి: తెలిసినా చెప్పకూడదు. "అయ్యో, 15 కాదు, 14లో పెట్టాలి!" అని మెమరీ అరిస్తే ఆ ఆట చెల్లదు. ఆదేశంలో తప్పుంటే తప్పే జరగాలి.

రెండో ఆట: వెనక్కి లెక్క

0: అడుగు
1: చెప్పు
2: సున్నా అయితే వెళ్ళు 5
3: తగ్గించు 15
4: వెళ్ళు 1
5: ఆగు
15: 1

3 ఇస్తే గుమ్మం దగ్గరికి 3, 2, 1, 0 వరుసగా వస్తాయి. 4వ గడి నుంచి కాయ 1కి దిగుతుంది, వైకుంఠపాళిలో పాము మింగినట్టు. పాము మింగితే అక్కడ బాధ, ఇక్కడ మాత్రం అదే బలం. ఒకే నాలుగు చీటీలతో 3 నుంచీ లెక్కపెట్టొచ్చు, 3,000 నుంచీ లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు 2వ గడిలోని చీటీ తీసి దాని బదులు 'చెప్పు' పెట్టి మళ్ళీ ఆడించండి. 0 దాటి మైనస్ 1, మైనస్ 2 అంటూ పోతూనే ఉంటుంది. చప్పట్లు కొట్టేవారికి విసుగొచ్చేదాకా ఆగదు. ఫోన్ 'హ్యాంగ్' అయిందంటే చాలాసార్లు లోపల జరుగుతున్నది ఇదే. అది నిద్రపోలేదు, పని చేస్తూనే ఉంది, బయటపడే దారే లేదు.

మూడో ఆట: ఎక్కం

ఇది నాకు ఎక్కువ ఇష్టమైనది. పదహారు గళ్ళూ సరిగ్గా నిండిపోతాయి.

0: అడుగు
1: పెట్టు 13
2: తీసుకో 12
3: కలుపు 13
4: చెప్పు
5: పెట్టు 12
6: తీసుకో 14
7: తగ్గించు 15
8: పెట్టు 14
9: సున్నా అయితే వెళ్ళు 11
10: వెళ్ళు 2
11: ఆగు
12: 0
13: ఖాళీ
14: 10
15: 1

7 ఇస్తే 7, 14, 21 అంటూ 70 దాకా ఏడో ఎక్కం బయటికి వస్తుంది. 12లో ఇప్పటిదాకా కూడిన మొత్తం, 13లో మనమిచ్చిన సంఖ్య, 14లో ఇంకా ఎన్నిసార్లు మిగిలిందో ఉంటాయి. ఎక్కం పూర్తి కావడానికి 92 ఆదేశాలు నడవాలి. చిన్నపిల్లలుంటే 14వ గడిలో 10కి బదులు 3 రాయండి, 29 ఆదేశాల్లో అయిపోతుంది. పదహారు గళ్ళంటే చాలా తక్కువ అనిపిస్తుంది కానీ, 1948 జూన్ 21న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో మెమరీలో దాచిన ప్రోగ్రాంను మొట్టమొదట నడిపిన 'బేబీ' అనే యంత్రానికి ఉన్నవి 32 గళ్ళే, ఆదేశాలు ఏడే.

ఎక్కం పూర్తయ్యాక చార్టును ముట్టుకోకుండా, కాయను 0లో పెట్టి మళ్ళీ 7 ఇవ్వండి. ఈసారి మొదటి జవాబు 77! ఎందుకో పిల్లలనే వెతకనివ్వండి. 12లో పాత 70 అలాగే ఉంది. అంతకంటే పెద్ద చిక్కు 14లో ఉంది. అక్కడ 0 మిగిలింది, ఒకటి తగ్గిస్తే మైనస్ 1, ఇక సున్నా ఎప్పటికీ రాదు. ఆట ఆగదు. గళ్ళన్నీ నిండిపోయాయి కాబట్టి సరిచేసే ఆదేశాలు ఇరికించడానికి చోటు కూడా లేదు.

అప్పుడు కవరు బయటికి తియ్యండి. ప్రోగ్రాం మొత్తం ఒక కాగితం మీద రాసి కవరులో దాచాలి. ఆట మొదలయ్యే ప్రతిసారీ ఆ కాగితం చూసి గళ్ళన్నీ కొత్తగా నింపాలి. చార్టు అంటే ర్యామ్, కవరు అంటే స్టోరేజ్. యాప్ మొరాయిస్తే మూసేసి మళ్ళీ తెరవమని చెప్పడంలో కిటుకు ఇదే. కవరులోని తాజా కాపీ మళ్ళీ గళ్ళలోకి వస్తుంది, పాత మురికి పోతుంది.

ఇక్కడ ఒక అల్లరి నియమం చేర్చుకోవచ్చు. ఆట మధ్యలో ఎవరైనా ఒక్కసారి "కరెంటు పోయింది!" అనొచ్చు. అనగానే పలక తుడిచెయ్యాలి, చార్టు మీది చీటీలన్నీ తీసెయ్యాలి. కవరు మాత్రం భద్రం. చేసిన పని మధ్యమధ్యలో సేవ్ చేసుకోమని పెద్దలు ఎందుకు అంటారో ఆ క్షణంలో బాగా ఎక్కుతుంది.

మాటలు తీసేసి అంకెలు పెట్టడం

నాలుగైదు ఆటలయ్యాక, గోడమీది పట్టికలోని నంబర్లకు పని చెప్పండి. 'కలుపు 13' అని రాయకుండా 313 అని రాయాలి. మొదటి అంకె ఆదేశం, చివరి రెండూ గడి. 'చెప్పు' అంటే 600. 'ఆగు' అంటే 000. ఇప్పుడు చార్టు మీద మాట అన్నది లేదు, అన్నీ సంఖ్యలే. గడిలో ఉన్నది ఆదేశమా, లెక్కలో వాడే సంఖ్యా అని చూసి చెప్పడం కుదరదు. కాయ వచ్చి నిలబడితే అది ఆదేశం, పలక మీదికి వెళ్తే అది సంఖ్య. కంప్యూటర్ల గురించి ఇంతకంటే లోతైన విషయం నాకు తెలియదు. కొంచెం ఓపికగా ఆడించండి.

ఈ ప్రోగ్రాం చూడండి. 12, 13, 14 గళ్ళలో మీ ఇష్టం వచ్చిన సంఖ్యలు, 15లో 1 పెట్టండి.

0: 112
1: 600
2: 100
3: 315
4: 200
5: 700

0లో ఉన్నది 'తీసుకో 12'. 12లోని సంఖ్య బయటికి వెళ్తుంది. తర్వాత 2వ గడి ఏమంటోంది? 'తీసుకో 0'. అంటే ఆదేశాన్నే సంఖ్యగా పలక మీదికి తెచ్చుకోమంటోంది! పలక మీద 112. దానికి 1 కలిపితే 113. దాన్ని మళ్ళీ 0లో పెట్టాలి. కాయ తిరిగి 0కి వచ్చేసరికి అక్కడున్నది 'తీసుకో 13'. ప్రోగ్రాం తనను తానే మార్చుకుంది. 12, 13, 14, 15 గళ్ళలోని సంఖ్యలు వరుసగా బయటికొస్తాయి. ఆ తర్వాత ఆదేశం 116 అవుతుంది. 16వ గడి లేదు. మెమరీ చేతులెత్తేస్తుంది, ఆట అక్కడికక్కడే కూలిపోతుంది. క్రాష్ అంటే ఏమిటో చూపించడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

గవ్వలు దించండి

అష్టాచెమ్మలో నాలుగు గవ్వలు వేసి ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్కపెడతాం. ఒకటి, రెండు, మూడు, అన్నీ పడితే చెమ్మ, ఒక్కటీ పడకపోతే అష్ట. మొత్తం ఐదు రకాల పందేలు. అవే నాలుగు గవ్వలను వరుసలో పెట్టి, ఏ చోటి గవ్వ వెల్లకిలా ఉందో కూడా లెక్కలోకి తీసుకుంటే పదహారు రకాలు వస్తాయి. ఎడమ నుంచి 8, 4, 2, 1 అని చోట్లకు విలువ ఇవ్వండి. వెల్లకిలా ఉన్నవాటి విలువలు కలపండి. మధ్యలో రెండూ వెల్లకిలా ఉంటే 4, 2 కలిసి 6. అన్నీ వెల్లకిలా ఉంటే 15. అన్నీ బోర్లా ఉంటే 0. మన గళ్ళు 0 నుంచి 15 దాకా ఎందుకున్నాయో ఇదుగో ఇక్కడ తేలింది. నాలుగు గవ్వలతో ఏ గడినైనా పిలవొచ్చు.

హైస్కూలు పిల్లలుంటే ఛందస్సు పాఠం గుర్తుచెయ్యండి. మూడక్షరాల గణాలు యగణం, మగణం మొదలుకొని ఎనిమిదే ఎందుకున్నాయి? ఒక్కో అక్షరం గురువో లఘువో అవ్వాలి, మూడు చోట్లకు 2×2×2. పద్యానికి గణవిభజన చేస్తూ వాళ్ళు U, I గుర్తులు వేసిన ప్రతిసారీ బైనరీ, అంటే రెండే గుర్తులతో రాసే లిపి, రాస్తున్నట్టే.

ఒక ఆదేశానికి ఎనిమిది గవ్వలు కావాలి. ఎడమ నాలుగూ ఏ పనో చెప్తాయి, కుడి నాలుగూ ఏ గడో చెప్తాయి. 'కలుపు 13'కి ఎడమవైపు బోర్లా, బోర్లా, వెల్లకిలా, వెల్లకిలా, అంటే 3. కుడివైపు వెల్లకిలా, వెల్లకిలా, బోర్లా, వెల్లకిలా, అంటే 13. ఎనిమిది గవ్వల ఈ వరుసే ఒక బైట్. హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ తొలినాళ్ళలో తయారుచేసిన టీడీసీ-12 కంప్యూటర్ ఒక్కసారికి 12 బిట్లతో పనిచేసేది, అంటే మన లెక్కలో పన్నెండు గవ్వలు, 4,096 రకాలు.

ఆట మొత్తం గవ్వలతోనే ఆడించాలని చూడకండి, నత్తనడక నడుస్తుంది. కంట్రోలర్ ఒక్కరే, ఆదేశం వచ్చినప్పుడల్లా ఎనిమిది గవ్వలు పేర్చి చూపించి, తర్వాత పని చెప్తే చాలు.

పోటీగా ఆడాలంటే

రెండు జట్లు కట్టండి. ఒక జట్టు పని చీటీ (ఏ పని చెయ్యాలో రాసినది, కొన్ని చివర ఇచ్చాను) తీసి ప్రోగ్రాం రాస్తుంది, రెండో జట్టు దాన్ని ఉన్నదున్నట్టు నడుపుతుంది. జవాబు సరిగ్గా వస్తే రాసినవారికి 10, మిగిల్చిన ప్రతి ఖాళీ గడికీ ఇంకో 1. నడిపేవారు ఒక్క తప్పూ లేకుండా నడిపితే వాళ్ళకూ 10. నడుపుతూ సలహా ఇస్తే 2 పోతాయి. ఇలా లెక్క పెడితే నడిపేవారు ఎదుటివారి ప్రోగ్రాంను చెడగొట్టాలని చూడరు, రాసేవారు పొదుపు నేర్చుకుంటారు.

ప్రోగ్రాంలోని తప్పును బగ్, అంటే పురుగు అంటారు. దాన్ని వెతికే పురుగు ఆట ఇంకా బాగుంటుంది. సరిగ్గా నడిచే ప్రోగ్రాం చార్టు మీద ఉంటుంది. ఒక జట్టు కళ్ళు మూసుకోగానే రెండో జట్టు ఒకే ఒక్క చీటీ మార్చేస్తుంది. కళ్ళు తెరిచినవారు కవరు చూడకుండా, ఆట నడిపి చూసి, ఏ చీటీ మారిందో పట్టుకోవాలి. ఊహించి చెప్తే ఒప్పుకోకండి, ఏ చప్పట్ల దగ్గర లెక్క తప్పిందో చూపించాలి.

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు ఏ పాత్రయినా చెయ్యగలరు. అంతకంటే చిన్నవాళ్ళకు క్లాక్ ఇవ్వండి, లేదా కంట్రోలర్ పక్కన కూర్చోబెట్టి కాయ జరపమనండి.

పని చీటీలకు కొన్ని: ఇచ్చిన సంఖ్యను రెట్టింపు చెయ్యి. మూడు సంఖ్యలు కలుపు. ఒకే సంఖ్యను రెండుసార్లు ఇచ్చారా లేదా చెప్పు. రెండు సంఖ్యలు ఇస్తే తారుమారు చేసి చెప్పు. చివరిగా, రెండింటిలో పెద్దది ఏదో చెప్పు. ఈ ఆఖరిది ఉన్న తొమ్మిది ఆదేశాలతో చాలా కష్టం. పిల్లలు కాసేపు కుస్తీ పట్టాక, కొత్త ఆదేశం ఒకటి తయారుచేసుకోవడానికి అనుమతి ఇవ్వండి. పట్టికలో 9వ నంబరు అందుకే ఖాళీగా ఉంచాను. 'మైనస్ అయితే వెళ్ళు' అన్నది వాళ్ళకే తడితే ప్రోగ్రాం 14 గళ్ళలో సరిపోతుంది.